పాటల డబ్బాకి చెవి ఉందా? మైకు కొనే ముందు చూసుకోవాల్సినవి

మా అవ్వది పాకాల దగ్గర పల్లె. ఎనభై దాటింది. తిరగలి పాటలు, సువ్వి పాటలు, జోలపాటలు, వియ్యపురాలిని ఏడిపించడానికి పెళ్లిళ్లలో పాడే పాటలు ఆమె నోట్లో ఇంకా ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు. ఫోన్ తీసి ఎదురుగా పెట్టామా, "ఫోటో తీస్తాండావా?" అని కొంగు సర్దుకుని గమ్మున కూర్చుంటుంది. మా మామ ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన ఐపాడ్ మాత్రం మంచం మీద ఎంతసేపు పడి ఉన్నా ఆమెకు పట్టదు. రోజూ అందులో అన్నమయ్య కీర్తనలు వింటుంది. ఆమె లెక్కలో అది పాటల డబ్బా, అంతే.

ఆ డబ్బాతోనే ఆమె పాటలు పట్టేద్దామని మైకు కోసం బయల్దేరాను. తిరుపతి గాంధీ రోడ్డులో రెండు షాపులు, చిత్తూరులో ఒకటి, ఆన్‌లైన్‌లో లెక్కలేనన్ని చూశాను. కొంత డబ్బు పోయింది, అవ్వ హుషారుగా ఉన్న ఒక మధ్యాహ్నం కూడా పోయింది. ఏ మైకు మంచిదని నన్ను అడిగేవాళ్లకు ఇప్పుడు నేను ముందు వేసే ప్రశ్న ఒకటే: మీ ప్లేయర్‌కి చెవి ఉందా? పాడటానికి నోరు అన్నిటికీ ఉంటుంది. వినే చెవి కొన్నిటికే ఉంటుంది.

నా నలభై నిమిషాలు ఎలా పోయాయంటే

ఐపాడ్‌కి మైకు దొరకడం కష్టమని విని, ముందు నా దగ్గరున్న చిన్న ఎంపీ3 ప్లేయర్‌తో కానిద్దామనుకున్నాను. అందులో రికార్డింగ్ మెనూ ఉంది. షాపులో కాలర్ మైకు అడిగితే కుర్రాడు ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "దేనికైనా పనిచేస్తుంది అన్నా, పిన్ను పడితే చాలు" అన్నాడు. పిన్ను పడింది. అవ్వ కొంగుకి క్లిప్పు పెట్టాను, ప్లేయర్ నా చేతిలో పట్టుకున్నాను. నలభై నిమిషాలు పాడింది. మధ్యలో ఒక పాటకు ఆమే నవ్వింది.

ఇంటికొచ్చి వింటే అవ్వ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తోంది. దానికంటే గట్టిగా నా బొటనవేలు ప్లేయర్ డబ్బా మీద రాసుకుంటున్న గరగర. అప్పటికి గానీ సంగతి అర్థం కాలేదు. నేను మైకు గుచ్చింది హెడ్‌ఫోన్ జాక్‌లో. ఆ జాక్ నుంచి శబ్దం బయటికి రావడమే గానీ లోపలికి పోయే దారి లేదు. రికార్డు చేసింది ప్లేయర్ ఒంట్లోనే ఉన్న చిన్న మైకు. అవ్వ కొంగుకి పెట్టింది ఉత్త అలంకారం.

అందుకే ఇప్పుడు ఏ మైకు గుచ్చినా ముందు ఒక పని చేస్తాను. రికార్డింగ్ మొదలుపెట్టి, మైకు తలను గోరుతో మూడుసార్లు తడతాను. ఆ తర్వాత ప్లేయర్ ఒంటిని మూడుసార్లు తడతాను. ఆపి వింటాను. మైకు తట్టు టకటకమని దగ్గరగా, ఒంటి తట్టు దూరంగా వినపడితే మైకు పనిచేస్తున్నట్టు. తిరగబడి వినపడితే వెంటనే పీకేసి షాపు వాడికి ఇచ్చేయడమే. షాపులోనే చేస్తే ఇంకా మేలు. అర నిమిషం పని.

శాన్సా క్లిప్ లాంటి చిన్న ప్లేయర్లు చాలావాటి సంగతి ఇంతే. లోపల మైకు ఉంటుంది, వాయిస్ రికార్డర్ ఉంటుంది, బయటి మైకుకు మాత్రం దారి ఉండదు. అలాంటిది మీ దగ్గర ఉంటే మైకు మీద రూపాయి పెట్టొద్దు. ప్లేయర్‌నే పాడేవాళ్లకు జానెడు దూరంలో, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టండి, చేత్తో తాకకండి. నేను కొన్న కాలర్ మైకు కంటే ఆ తువ్వాలే ఎక్కువ పని చేసేది.

పిన్ను మీద గీతలు

3.5 మిల్లీమీటర్ల పిన్నులన్నీ చూడటానికి ఒకటే. తేడా నల్ల గీతల్లో ఉంటుంది. రెండు గీతలుంటే లోహం మూడు ముక్కలు. హెడ్‌ఫోన్‌కైతే ఎడమ, కుడి, ఎర్త్ అని మూడు దారులు. మూడు గీతలుంటే నాలుగు ముక్కలు, ఆ నాలుగో దారి మైకుది. ఫోన్‌కి వాడే వైరు హెడ్‌సెట్ పిన్ను తీసి చూడండి, మూడు గీతలుంటాయి.

మైకుకి మూడు గీతలున్నంత మాత్రాన సరిపోదు. ప్లేయర్ జాక్ లోపల ఆ నాలుగో ముక్కను తాకే కాంటాక్ట్ ఉండాలి, దాని వెనక రికార్డు చేసే సర్క్యూట్ ఉండాలి. పైగా కాలర్ మైకు తలలో శబ్దాన్ని పట్టే చిన్న ముక్క, ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ అంటారు, దానికి రెండు మూడు వోల్టుల కరెంటు కావాలి. ఫోన్ అయితే ఆ వైరులోంచే ఇస్తుంది. ప్లేయర్ ఇవ్వకపోతే మైకు మూగది.

కెమెరాల కోసం చేసిన మైకులకు రెండు గీతల పిన్నే వస్తుంది. దాన్ని హెడ్‌సెట్ జాక్‌లో గుచ్చితే మైకు దారి, ఎర్త్ రెండూ ఒకే ముక్కకు తగిలి షార్ట్ అవుతాయి, ఏమీ రికార్డు కాదు. రెండు గీతల్ని మూడు గీతలకు మార్చే చిన్న అడాప్టర్ వేసుకోవాలి. ఇంకో తిరకాసు ఉంది. మూడు గీతల్లోనూ రెండు పద్ధతులున్నాయి. ఇప్పుడు అందరూ వాడేదాంట్లో వైరు వైపు చివరి ముక్క మైకుది, దాని ముందుది ఎర్త్. పాత నోకియా లాంటి కొన్ని ఫోన్ల హెడ్‌సెట్లలో ఈ రెండూ తారుమారు. ఇంట్లో సొరుగులో దొరికిన పాత హెడ్‌సెట్ పనిచేయకపోతే ప్లేయర్‌ని తిట్టేముందు ఇంకో హెడ్‌సెట్‌తో చూడండి.

ఐపాడ్ ఉంటే: ఏ తరం?

ఐపాడ్ ఇప్పుడు కొత్తది దొరకదు. క్లాసిక్ 2014లో, నానో, షఫుల్ 2017లో, టచ్ 2022లో ఆగిపోయాయి. అయినా మన వైపు ఇళ్లలో గల్ఫ్ నుంచి వచ్చినవి చాలానే బీరువాల్లో ఉన్నాయి. బ్యాటరీ కాస్త బతికి ఉంటే అవి పనికొస్తాయి. కాకపోతే ఏ తరానికి ఏ మైకు అన్నది తెలియకుండా పాత సామాన్లు కొంటే డబ్బు బూడిదలో పోసినట్టే.

2003 నాటి మూడో తరం, 2004 నాటి నాలుగో తరం ఐపాడ్లకు నెత్తిన హెడ్‌ఫోన్ జాక్ పక్కనే రిమోట్ కోసం ఇంకో చిన్న సాకెట్ ఉంటుంది. గ్రిఫిన్ ఐటాక్, బెల్కిన్ వాయిస్ రికార్డర్ అక్కడ తగిలేవి. ఇవి 8 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 8 వేల నమూనాలు, అదీ మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో మాత్రమే రికార్డు చేస్తాయి. ఆ అంకెలో సగం దాకానే శబ్దం పడుతుంది, 4 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పోతుందన్నమాట. మాట అర్థమవుతుంది గానీ తాళాల మోత, గజ్జెల గలగల, గొంతులోని మెరుపు పోతాయి. తాత దగ్గర భూమి తగాదా చరిత్ర చెప్పించుకోవడానికి చాలు. పాటకు చాలదు.

2005లో వచ్చిన ఐదో తరం, అదే వీడియో ఐపాడ్, నుంచి కథ మారింది. రిమోట్ సాకెట్ తీసేశారు. మైకు కిందున్న వెడల్పాటి డాక్ కనెక్టర్‌కి తగలాలి. నాణ్యత ఒక్కసారిగా 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియోకి ఎగిరింది, అంటే సీడీ స్థాయి. బెల్కిన్ ట్యూన్‌టాక్ స్టీరియో, గ్రిఫిన్ ఐటాక్ ప్రో, ఎక్స్‌ట్రీమ్‌మ్యాక్ మైక్రోమెమో ఈ కాలానివి. పేర్లు జాగ్రత్తగా చూడండి. ఐటాక్ వేరు, ఐటాక్ ప్రో వేరు. పాత సామాను అమ్మేవాళ్లు రెండిటికీ ఒకే పేరు రాస్తారు. మొదటిది కొంటే మీ వీడియో ఐపాడ్‌కి తగిలించే చోటే ఉండదు.

తరం ఏదో తెలియకపోతే వెనకవైపు స్టీలు రేకు మీద సన్నటి అక్షరాలు చదవండి. ఎ1136 ఉంటే ఐదో తరం, ఎ1238 ఉంటే క్లాసిక్. మా మామది ఎ1136, 30 జీబీది. కళ్లజోడు చాలక ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదివాను.

క్లాసిక్‌లో 2008 నాటి 120 జీబీది, 2009 నాటి 160 జీబీది అయితే డాక్ మైకు వెతుక్కునే పని కూడా లేదు. మైకు ఉన్న హెడ్‌సెట్‌ని హెడ్‌ఫోన్ జాక్‌లో పెడితే వాయిస్ మెమోస్ అనే రికార్డింగ్ మెనూ వస్తుంది. 160 జీబీ అన్న అంకె చూసి మురిసిపోకండి, 2007లో కూడా ఒక 160 జీబీది వచ్చింది, లావుగా ఉంటుంది, దాని జాక్‌కి ఈ వినికిడి లేదు. 2008 నాటి నాలుగో తరం నానో, ఆ తర్వాతి నానోలు, రెండో తరం నుంచి టచ్‌లు హెడ్‌సెట్ మైకు తీసుకుంటాయి. 2010 నాటి నాలుగో తరం టచ్ నుంచి ఒంట్లోనే మైకు ఉంది. మినీ, షఫుల్ రెండూ రికార్డింగ్‌కి పనికిరావు.

డాక్ మైకుతో ఒక చిక్కు చెప్పాలి. ఈ పాత ఐపాడ్లలో గుండ్రంగా తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది. రికార్డు అవుతున్నది కాసేపు మెమరీలో దాచుకుని, తర్వాత ఒక్కసారిగా డిస్క్ మీదకు రాస్తుంది. అది రాసే ప్రతిసారీ లోపల సన్నగా గిర్రుమంటుంది. మైకు దాని నెత్తినో కిందనో అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆ గిర్రు పాటలోకి వచ్చేస్తుంది. అవ్వ మెల్లగా పాడే జోలపాటలో అయితే దోమ వాలినట్టు ఉంటుంది. అందుకే, సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతున్నప్పుడు మైకు పక్కనే 3.5 సాకెట్ ఉన్నదే తీసుకోండి. ట్యూన్‌టాక్, ఐటాక్ ప్రో, మైక్రోమెమో మూడిటికీ అది ఉంది. దానికి కాలర్ మైకు గుచ్చి, ఐపాడ్‌ని రెండు మూరల దూరంలో గుడ్డ కింద పెట్టేస్తే గిర్రు వినపడదు. నేను చివరికి తేలింది ఈ జోడీ దగ్గరే. ఎక్కడో పాత సామాన్లలో ట్యూన్‌టాక్ దొరికింది, మూలన పడేసిన కాలర్ మైకుకి మళ్లీ పని వచ్చింది.

కొనేముందు అమ్మేవాళ్లని ఒక్క ఫోటో అడగండి. మైకు తగిలించిన ఐపాడ్ స్క్రీన్ మీద వాయిస్ మెమోస్ మెనూ కనపడాలి. మైకు ఎప్పుడూ తగిలించని ఐపాడ్‌లో ఆ మెనూ కనపడదు, కాబట్టి అది కొంత రుజువు.

ఆండ్రాయిడ్ ప్లేయర్లు, టైప్-సి

ఈమధ్య కొంటున్న ఖరీదైన ప్లేయర్లలో రెండు రకాలు. కొన్ని ఆండ్రాయిడ్‌తో నడుస్తాయి, కొన్ని తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో. రెండో రకానికి రికార్డింగ్ మెనూ లేకపోతే ఏ మైకూ దాన్ని మార్చలేదు, అక్కడితో ఆపేయండి. వాటిలో కొన్నిటికి 4.4 మిల్లీమీటర్ల లావు జాక్ ఒకటి ఉంటుంది. అది బ్యాలెన్స్‌డ్ హెడ్‌ఫోన్‌కి. "లావుగా ఉంది కదా, గుడి మైకు పడుతుందేమో" అని మా తమ్ముడు అడిగాడు. పడదు.

ఆండ్రాయిడ్‌దైతే ఆశ ఉంది. టైప్-సి సాకెట్‌కి ఓటీజీ, అంటే పెన్‌డ్రైవ్ లాంటివి నేరుగా తగిలించుకునే వీలు, ఉంటే యూఎస్‌బీ మైకును గుర్తుపట్టే అవకాశం ఎక్కువ. ఓటీజీ ఉందో లేదో తెలియాలంటే టైప్-సి పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. పెన్‌డ్రైవ్ కనపడిందంటే సగం పని అయినట్టే. మిగతా సగం యాప్‌ది. రికార్డింగ్ యాప్ లోపల ఏ మైకు వాడాలో ఎంచుకునే చోట యూఎస్‌బీ అని ఉందో చూడండి, లేకపోతే అది ఒంటి మైకునే వాడుకుంటూ మిమ్మల్ని నవ్వుతూ మోసం చేస్తుంది. మళ్లీ గోరు పరీక్ష.

కాలర్ మైకు ముందే ఉంటే, టైప్-సి నుంచి 3.5కి మార్చే చిన్న డాంగిల్ చాలు. కాకపోతే మైకు తీసుకునే డాంగిల్ కావాలి. ఒట్టి పాటలు వినడానికే పనికొచ్చేవి కూడా షాపుల్లో అదే గాజు పెట్టెలో, అదే ధరకు ఉంటాయి. మైకున్న హెడ్‌సెట్ వెంట తీసుకుపోయి అక్కడే చూసుకోండి.

కొంగుకా, ఎదురుగానా

చెవి ఉందని తేలాక అసలు ఎంపిక ఇక్కడుంది.

వైరున్న కాలర్ మైకుల్లో షాపుల్లో ఎక్కువగా దొరికేది బోయా బీవై-ఎం1. వెయ్యికి అటూఇటూ. ఆరు మీటర్ల వైరు, మూడు గీతల పిన్ను, అన్ని వైపుల నుంచీ వినే రకం. దాని నడుమ ఒక చిన్న డబ్బీ, దాంట్లో ఎల్ఆర్44 బటన్ సెల్లు, ఫోన్-కెమెరా అని స్విచ్చి ఉంటాయి. ఐపాడ్ డాక్ మైకు సాకెట్‌లో పెట్టేటప్పుడు నాకు కెమెరా వైపు పెడితేనే పలికింది. అప్పుడది సొంత సెల్లుతో నడుస్తుంది. పని అయ్యాక స్విచ్చి వెనక్కి తిప్పడం మర్చిపోతే సెల్లు అయిపోతుంది. నేను రెండుసార్లు మర్చిపోయాను. ఇప్పుడు సెల్లులు రెండు పర్సులో ఉంటాయి.

ఇదంతా సరే. అవ్వ కొంగుకి పెడితే ఏమైంది? గంజి పెట్టిన నూలు చీర. ఆమె ఊపిరి పీల్చినప్పుడల్లా బరబర. తాళి గొలుసు మైకుకి తగిలి టింగుమంటుంది. పాటకు చెయ్యి ఊపితే గాజులు. ఇంట్లో ఎవరైనా పాడించుకునేటప్పుడు ఈ మూడూ ముందు తెలియవు, విన్నాకే తెలుస్తాయి. కొంగు మీద మానేసి, ఆమె ముందున్న పీట మీద తువ్వాలు చుట్ట చేసి పెట్టి, దానికి క్లిప్పు పెట్టాను. నోటికి రెండు జానల దూరం. బరబర పోయింది. గాజులు మాత్రం ఉన్నాయి. వాటిని తీయమని అడగలేదు, అవి లేకపోతే అవ్వ పాటే కాదనిపించింది.

దూరం లెక్క గుర్తుంచుకోండి. నోటికి, మైకుకి మధ్య దూరం రెట్టింపైతే మైకును చేరే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే శబ్దపు ఒత్తిడి సగమవుతుంది. ఫ్యాను మోత మాత్రం ఎక్కడున్నా దాదాపు అంతే. రెండు జానల్లో ఉన్న వెయ్యి రూపాయల మైకు, గది మూలన పెట్టిన పది వేల మైకుని ఓడిస్తుంది. మంచి మైకు కొనడానికి డబ్బు లేకపోతే జరిగి దగ్గర కూర్చోండి. ఫ్యాను ఆపండి. మే నెలలో మన వైపు ఫ్యాను ఆపమంటే తిడతారు, అందుకని పొద్దున ఆరింటికి పెట్టుకోండి. వంటింట్లో కుక్కరు కూడా అప్పటికి ఎక్కదు.

ఒక వైపు మాత్రమే వినే కార్డియాయిడ్ మైకులు, కెమెరా మీద పెట్టుకునే రోడ్ కంపెనీ వీడియోమైక్రో లాంటివి, ఇంట్లో కంటే వీధిలో ఎక్కువ పనికొస్తాయి. వెనక వైపు గోల కొంత తగ్గిస్తాయి. వాటికి రెండు గీతల పిన్ను అని మర్చిపోకండి, అడాప్టర్ కావాలి. గాలి వీచేచోట బొచ్చు తొడుగు వేసుకోవాలి. నల్ల స్పాంజి చిన్నపాటి ఊపిరిని ఆపుతుంది గానీ పొలం గట్టు మీది గాలిని ఆపదు.

భారతం మిట్ట దగ్గర

అవ్వ పాటలయ్యాక నాకు ఆశ పెరిగింది. చిత్తూరు వైపు ద్రౌపది, ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఉత్సవం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం. రోజుల తరబడి సాగుతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధనుడి వధ రోజు జనం విరగబడతారు. అక్కడ రికార్డింగ్ ఇంట్లో లాంటిది కాదు.

హరికథకి ముందు వరసలో చోటు దొరికితే వైరు మైకుని వేదిక అంచున, భాగవతారు వైపు తిప్పి పెట్టాలి, ముందుగా ఆయన్ని అడిగి. నేను అడిగితే ఆయనే తన మైకు స్టాండుకి కట్టుకోమన్నారు. అడగకుండా పెట్టి ఉంటే పీకించేవారేమో. చెట్టుకు కట్టిన గొట్టం స్పీకర్ల దగ్గర మాత్రం పెట్టకండి. అవి దూరానికి మాట వినపడేలా చేసినవి, మృదంగం బరువంతా అక్కడే పోతుంది.

ఆంప్లిఫయర్ నుంచి నేరుగా వైరు తీసుకుంటే బాగుంటుందని సౌండ్ సిస్టమ్ వాళ్లు చెబుతారు. ఆలోచన మంచిదే, కానీ అక్కడి లైన్ అవుట్, అంటే శబ్దం బయటికిచ్చే సాకెట్, వోల్టులో మూడో వంతు దాకా ఉంటుంది, మైకు సాకెట్ ఎదురుచూసేది కొన్ని మిల్లీవోల్టులు. నేరుగా పెడితే గొంతు చిరిగిన డప్పులా వస్తుంది. మధ్యలో శబ్దం తగ్గించే అటెన్యుయేటర్ వైరు ఉండాలి. అది లేకుండా ఆ దారి పట్టొద్దు.

డప్పులు, పంబలు ఉన్నచోట, అంటే తిరుపతి గంగమ్మ జాతర లాంటి చోట, దగ్గరగా వెళ్లాలన్న సూత్రం పక్కన పెట్టండి. శబ్దం మైకు తట్టుకోలేనంత ఎక్కువైతే పైభాగం తెగిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా అతకలేదు. స్థాయి మార్చుకునే వీలుంటే గట్టి దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర, అంటే గరిష్ఠ స్థాయికి 12 కిందనే, ఆగేలా పెట్టుకోండి. ఐపాడ్లలో అలాంటి నాబ్ లేదు. అందుకే జాతరలో పది అడుగులు వెనక్కి నిలబడ్డాను.

రోడ్ల మీద కూడా దొరుకుతున్న చవక వైర్‌లెస్ కాలర్ మైకులు ఇక్కడికి సుఖంగా ఉంటాయనిపిస్తుంది. రిసీవర్ టైప్-సి అయితే ఆండ్రాయిడ్ ప్లేయర్‌కి తగిలించవచ్చు, ఐపాడ్‌కి తగలదు. మాట్లాడే వీడియోలకు పర్వాలేదు. పాటకు నేను వద్దంటాను. వాటిలో శబ్దం శుభ్రం చేసే బటన్ ఒకటి ఉంటుంది, అది ఆగకుండా మోగేదాన్నంతా గోల అనుకుంటుంది. తంబూరా శ్రుతి, హార్మోనియం పట్టు దానికి ఫ్యాను మోతతో సమానం, నొక్కేస్తుంది. ఆ బటన్ ఆపేసుకునే వీలుంటేనే తీసుకోండి. పైగా అవి నడిచే 2.4 గిగాహెర్ట్జ్ మీదే వైఫై, బ్లూటూత్ అన్నీ నడుస్తాయి, జనం గుమిగూడినచోట మధ్యలో తెగిపోతుంటాయి.

తిరుమల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. గుడి లోపలికి ఫోన్లు, ఎలక్ట్రానిక్ సామాను పోనివ్వరు. ఐపాడ్ చిన్నదే కదా అని జేబులో వేసుకోకండి.

నేను తిరగ్గొట్టినవి

బ్లూటూత్ మైకు: మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు ఆన్ అవగానే అది ఫోన్ కాల్ పద్ధతిలోకి మారుతుంది. మోనో, 8 లేదా 16 కిలోహెర్ట్జ్. పాటను టెలిఫోన్‌లో విన్నట్టు ఉంటుంది.

గుడిలో వాడే అహుజా లాంటి చేతి మైకు: గట్టిది, కింద పడినా బతుకుతుంది. సాధారణంగా డైనమిక్ రకం కాబట్టి కరెంటు అడగదు, కానీ దాన్నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, ప్లేయర్‌కి చాలదు. మధ్యలో సిగ్నల్ పెంచే ప్రీ-ఆంప్ పెట్టాల్సి వస్తే ప్లేయర్ కంటే దాని చుట్టూ సామాను ఎక్కువైపోతుంది. స్టూడియో కండెన్సర్ మైకులకైతే 48 వోల్టులు కావాలి. వాటి గురించి ఆలోచించడమే దండగ.

ప్లేయర్‌కి చెవి లేకపోతే

అప్పుడు ప్లేయర్‌ని పాటలు వినడానికే ఉంచండి. అడాప్టర్ మీద అడాప్టర్ కొని దానికి చెవి మొలిపించాలని చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, మొలవలేదు.

ఫోన్‌కి కాలర్ మైకు పెట్టి, ఏరోప్లేన్ మోడ్ వేసి, బోర్లా తిప్పి పెట్టడం అన్నిటికంటే చవక దారి. ఏరోప్లేన్ మోడ్ ఎందుకంటే, సరిగ్గా చరణం ఎత్తుకున్నప్పుడే లోన్ కావాలా అని ఎవరో ఫోన్ చేస్తారు, రికార్డింగ్ ఆగిపోతుంది. ఫోన్ చూస్తే బిగుసుకుపోయే మా అవ్వలాంటి వాళ్ల దగ్గర దాన్ని తువ్వాలు కింద దాచండి, మైకు పైకి కనపడినా వాళ్లకు పట్టదు. రికార్డు చేస్తున్నామని మాత్రం చెప్పి చేయండి.

ఏడాదికి పది సార్లు పైగా ఇదే పని అనుకుంటే విడిగా ఒక చిన్న రికార్డర్ కొనడం నయం. జూమ్ హెచ్1ఎన్ లాంటిది చూడండి. 2018లో వచ్చింది, నెత్తిన రెండు మైకులు అడ్డంగా అమర్చి ఉంటాయి, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది, రెండు ట్రిపుల్-ఎ సెల్లులతో దాదాపు పది గంటలు నడుస్తుంది, స్థాయి తిప్పుకునే నాబ్ ముందు వైపునే ఉంటుంది, బయటి మైకుకి సాకెట్ కూడా ఉంది. కాలర్ మైకుకి పెట్టినదానికి చాలా రెట్లు పెట్టాలి. భారతం పద్దెనిమిది రోజులు పట్టాలంటే నేను కొనేది అదే. అవ్వ పాటలకైతే అక్కర్లేదు, ఐపాడే చాలు.

చోటు గురించి టెన్షన్ వద్దు. సీడీ స్థాయి స్టీరియో నిమిషానికి 10 ఎంబీకి కాస్త పైన, గంటకు 635 ఎంబీ దాకా తింటుంది. మా 30 జీబీ ఐపాడ్‌లో సగం ఖాళీ, 20 గంటల పైనే పడుతుంది. ఐదో తరంలో క్వాలిటీ హై పెట్టారో లేదో ఒకసారి చూసుకోండి. లో అని ఉంటే 22.05 కిలోహెర్ట్జ్ మోనోలో వస్తుంది.

రికార్డు చేసినవి ఐపాడ్‌ని కంప్యూటర్‌కి డిస్క్‌లా తగిలించినప్పుడు రికార్డింగ్స్ అన్న ఫోల్డర్‌లో వేవ్ ఫైళ్లుగా కనపడతాయి. ఆ రాత్రే కాపీ చేసుకోండి, రెండు చోట్ల. పాత హార్డ్ డిస్క్, ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. నేను కాపీ చేస్తున్నప్పుడు అవ్వ పక్కనే కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుని తన పాటే విన్నది. రెండో చరణం దగ్గర తీసేసి, "ఆ మాట తప్పు పాడినా నాయనా, మళ్లీ పట్టు" అంది. బోయా సెల్లు అప్పటికే అయిపోయింది, స్విచ్చి తిప్పలేదు.